పెన్ను దొరికిన రోజు

సాన్‌ఫ్రాన్సిస్కోలో జపాన్‌టౌన్ అనే పేట ఒకటుంది. మా అమ్మాయి అదితి విమానం ఎక్కే రోజు పొద్దున మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళింది. సాయంత్రం ఐదున్నరకి తను టోక్యో వెళ్ళిపోతుంది. నేనూ, మా ఆయన గోపీనాథ్ గారూ షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్న మా ఇంటికి తిరిగి వెళ్ళాలి.

"ఇది డెమో అనుకో అమ్మా," అంది బస్సు దిగుతూనే. "టోక్యోలో నేను ఉండబోయే ఏరియా కూడా ఇలాగే ఉంటుంది, ఇంకా చాలా పెద్దది. చిన్న చిన్న షాప్స్, కాఫీ ప్లేసెస్, పాత బట్టలమ్మే కొట్లు. పేరు షిమోకితజావా. చెప్పు చూద్దాం."

"షిమో... కిత... నాకు నోరు తిరగదే."

"విష్ణు సహస్రనామం మొత్తం తిరుగుతుంది, ఇదొక్కటీ తిరగదా?"

నవ్వాను. తనూ నవ్వింది. ఆయన మాకు నాలుగడుగుల వెనక వస్తున్నారు. భుజాన సంచి, అందులో నేను చేసిన పులిహోర డబ్బా, నీళ్ళ సీసా. రెండేళ్ళుగా మేం ముగ్గురం ఎక్కడికి వెళ్ళినా ఇదే వరస. అదితి ముందు, పక్కన నేను, వెనక ఆయన. తను నాన్న పక్కన నడవడం మానేసింది. ఆయన వెనకబడడం అలవాటు చేసుకున్నారు.

తనకి నాన్న మీద కోపం. ఆ కోపం నా మీద ఉండవలసింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలుసు, తనకి తెలియదు. ఐదున్నరలోగా చెప్పాలని నిన్న నేపర్‌విల్‌లో గుమ్మం దాటుతున్నప్పుడే అనుకున్నాను. చెప్పకపోతే తను ఆ కోపంతోనే విమానం ఎక్కుతుంది, ఆయన దాన్ని భరిస్తూనే ఇంటికొస్తారు.

పేట మధ్యలో ఐదంతస్తుల గోపురం కనిపించింది. అలవాటుగా చేతులు జోడించాను.

"అమ్మా, అది గుడి కాదు. మాన్యుమెంట్."

"గుడి కాకపోతే దండం పెట్టకూడదా?"

"పెట్టుకో, పెట్టుకో. అది కూడా హ్యాపీ ఫీలవుతుంది."

పక్కనే రెండు పెద్ద భవనాలు, లోపలంతా కొట్లు. ఒక హోటలు అద్దాల వెనక గిన్నెల్లో అన్నం, నూడుల్సు, పులుసు, పైన కొత్తిమీర లాంటి ఆకు కూడా పొందిగ్గా పెట్టి ఉన్నాయి. మూత పెట్టకుండా ఇలా వదిలేశారేమిటి అన్నాను. అదితి పడీ పడీ నవ్వింది. అవన్నీ ప్లాస్టిక్‌వట. లోపల ఏం దొరుకుతుందో చూపించడానికి చేయించి పెడతారట.

"ఇవి మన బొమ్మల కొలువులో పెడితే ఎంత బావుంటాయో," అన్నాను.

"కింది మెట్టు మీద బాగుంటాయి, శెట్టిగారి కొట్టు బొమ్మ పక్కన," అన్నారు ఆయన వెనకనుంచి. నేను నవ్వాను. అదితి ముందుకి నడిచింది.

ఇళ్ళలోకి కావలసిన చిన్నచిన్న సామాన్లమ్మే కొట్లోకి వెళ్ళాం. ఆయన చాలాసేపు వెతికి ఒక గొడుగు తీసుకొచ్చారు. మడిస్తే జానెడుంది.

"అక్కడ వానలెక్కువట అమ్మలూ. ఇది బ్యాగులో పట్టేస్తుంది."

"నా దగ్గర ఉంది నాన్నా."

"అది పెద్దది కదా. ఇదైతే..."

"ఐ సెడ్ ఐ హావ్ వన్."

ఆయన వెళ్ళి గొడుగుని తీసిన చోటే పెట్టారు. పక్కనున్న గొడుగుల పిడులన్నీ ఎటు తిరిగి ఉన్నాయో చూసి, దీని పిడి కూడా అటే తిప్పారు. నేను ఏదో చెంచాల గూడు దగ్గర నిలబడి, చెంచాలు చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాను.

ఆయన హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఈ దేశం వచ్చి పదహారేళ్ళయింది. అప్పుడు అదితికి ఐదేళ్ళు. గ్రీన్ కార్డు కోసం మాలాంటి వాళ్ళందరూ ఒక వరసలో ఉంటారు. ఎవరి దరఖాస్తు తేదీ వాళ్ళది. ప్రతి నెలా ప్రభుత్వం ఒక తేదీ ప్రకటిస్తుంది. మన తేదీ అంతకంటే ముందుదైతే ఆఖరి కాగితాలు పెట్టుకోవచ్చు. అవి పెట్టుకుంటే పిల్లల వయసు అక్కడితో ఆగినట్టు లెక్క. పెట్టుకోకపోతే, ఇరవై ఒకటి నిండిన రోజున పిల్ల తండ్రి వీసా కింద ఉండడానికి వీల్లేదు.

అదితికి వచ్చే నెల ఇరవై ఒకటి నిండుతాయి. స్టూడెంట్ వీసాకి మారవచ్చు అన్నాడు లాయరు. "మళ్ళీ ఇంకో లైనా? నేను పుట్టినప్పటినుంచీ లైన్లోనే ఉన్నా. ఐయామ్ డన్," అంది తను. ఎనిమిదో క్లాసులో బొమ్మల పుస్తకాలు చూసి జపనీసు మొదలుపెట్టింది. అది పిల్లల సరదా అనుకున్నాం. టోక్యోలో భాష నేర్పే బడిలో సీటు తెచ్చుకుంది. తర్వాత అక్కడే ఉద్యోగం చూసుకుంటుందట.

మేము వెళ్ళి దింపి రావడానికి లేదు. దేశం దాటితే, తిరిగి లోపలికి రావడానికి పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర కావాలి. అపాయింట్‌మెంట్లు నెలల తరబడి లేవు, ఆయన ఆఫీసులో ఇప్పటికే మనుషుల్ని తీసేస్తున్నారు. అందుకని తనతో మేము రాగలిగిన ఆఖరి చోటు ఈ ఊరు.

ఇదంతా ఇలా జరగక్కర్లేదు. ఐదేళ్ళ కిందట ఒక శరదృతువులో తేదీ ఒక్కసారిగా చాలా ముందుకి జరిగింది. మా వంతు వచ్చింది. మా స్నేహితులు మల్లికార్జునరావు గారు వాళ్ళబ్బాయి విహాన్‌కి కూడా కలిపి ఆ వారంలోనే కాగితాలు పెట్టేశారు. మా లాయరు కూడా సంతకాలకి రమ్మన్నాడు. ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి, పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరబోతుంటే నేనే ఆపాను. అప్పుడు అధిక మాసం నడుస్తోంది.

"పదకొండు రోజులాగితే అయిపోతుందండీ," అన్నాను. "ఇన్నేళ్ళు ఆగాం, జీవితంలో ఇంత పెద్ద పని శూన్యమాసంలాంటి దాంట్లో ఎందుకు మొదలుపెట్టడం? నిజ మాసంలో, దసరాకి సంతకం చేద్దాం."

ఆయన ఒకసారి వద్దన్నారు, రెండోసారి నా ముఖం చూసి ఊరుకున్నారు. దసరా నాడు అమ్మవారి దగ్గర కాగితాలు పెట్టి, పసుపు కుంకుమ వేసి, సంతకాలు చేశాం. అప్పటికి లాయరాఫీసు నిండా జనం. ఒక కాగితం కంపెనీ నుంచి రావాలన్నారు, ఒకటి మళ్ళీ రాయాలన్నారు. మా ఫైలు కదిలేలోపల తేదీ వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ ఇప్పటిదాకా మా దాకా రాలేదు.

తర్వాత ఎప్పుడో గుడిలో పూజారి గారిని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు. "అధిక మాసంలో పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ చేయరమ్మా. దరఖాస్తు మీద సంతకానికి ఏమడ్డం? అది పురుషోత్తముడి నెల, ఆయనకి ఇష్టమైన నెల," అన్నారు. ఒక్క ఫోను చేసి ముందే అడగవలసింది. అడగలేదు. నాకే తెలుసనుకున్నాను.

రెండేళ్ళ కిందట అదితి కాలేజీ ఫారాలు నింపుతూ అడిగింది, విహాన్ వాళ్ళు పెట్టినప్పుడు మనమెందుకు పెట్టలేదని. నేను వంటింట్లో గరిటె పట్టుకుని ఉన్నాను. నేను నోరు తెరిచేలోపల ఆయన అన్నారు, "నాదే తప్పు తల్లీ. ఆఫీసు పనిలో పడి ఆలస్యం చేశాను." అదితి తెల్లబోయి చూసింది. "ఆఫీసు పనా? ఇట్స్ మై లైఫ్, నాన్నా!" అని మేడ మీదికి వెళ్ళిపోయింది. నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఆ రోజు చెప్పలేదు. మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది.

గొడుగు చూసిన కొట్టు పక్కన బొమ్మలూ కాగితాలూ అమ్మే చిన్న కొట్టుంది. గల్లాపెట్టె దగ్గర ఎనభయ్యేళ్ళు దాటిన జపనీసు ముసలావిడ. అదితి ఆవిడతో జపనీసులో ఏదో గడగడా మాట్లాడింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి నవ్వింది.

"ఆగు, ఆగు. నీ జపనీస్ నాకంటే బాగుంది," అంది ఇంగ్లీషులో. "నేను జపాన్ ఒక్కసారే చూశాను, టూరిస్టులాగా. నేను పుట్టింది యూటాలో."

"యూటాలోనా?" అన్నారు ఆయన.

"క్యాంపులో. జపాన్‌తో యుద్ధమప్పుడు ఈ వీధిలో మా వాళ్ళందరినీ ఇక్కడి ప్రభుత్వమే పట్టుకెళ్ళి అక్కడ పెట్టింది. మా అమ్మ అప్పటికి ఇక్కడే కొట్టు నడుపుతోంది. వారం రోజులు టైమిచ్చారట సర్దుకోవడానికి." వాన పడిందని చెప్పినట్టు చెప్పింది ఆవిడ. తర్వాత అదితిని అడిగింది, "నువ్వెక్కడికమ్మా?"

"టోక్యో. ఇవాళే. ఉండడానికి."

"ఎందుకు?"

"మా కాగితాలు టైముకి పెట్టలేదు," అంది అదితి. నాన్న వైపు చూడలేదు. చూడకపోవడమే ఆయనకి తగిలింది. ఆయన పక్కనున్న విసనకర్రలు చూడడం మొదలుపెట్టారు.

ముసలావిడ అదితి ముఖం చూసింది. గూట్లోంచి ఒక ఎర్రటి గుండ్రటి బొమ్మ తీసి బల్ల మీద పెట్టింది. చేతులూ కాళ్ళూ లేవు. మీసాలున్నాయి. కళ్ళున్న చోట రెండు తెల్లటి ఖాళీలు.

"దీని పేరు దరుమ. మనసులో ఒకటి కోరుకుని ఒక కన్ను వెయ్యాలి. అది తీరాక రెండో కన్ను."

మన ముడుపు లాంటిదే. మా ఇంట్లో దేవుడి గూట్లో పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఇప్పటికీ ఉంది, ఆ గ్రీన్ కార్డుకి కట్టిందే. నాకు బొమ్మ మీద చాలా మమకారం కలిగింది.

"కన్ను ఏ రోజు వెయ్యాలి?" అని అడిగాను. "మంచి రోజేదైనా చూసుకోవాలా?"

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది. "మా అమ్మ చూసేది, క్యాలెండర్లో మంచి రోజులు. నేను చూడను," అని నవ్వింది. "పెన్ను దొరికిన రోజు వేసెయ్యి."

అదితి బొమ్మ కొనుక్కుంది. ఆవిడ కాగితంలో చుడుతుంటే నాకు ఆ మాటే చెవుల్లో వినబడుతోంది. ఆ రోజు గుమ్మంలో ఆయన జేబులో పెన్ను ఉంది. పెన్ను ఉంది, కాగితం ఉంది, పిలిచిన మనిషి ఉన్నాడు. అన్నీ ఇచ్చిన దేవుడు, మళ్ళీ ఆగమని ఎందుకంటాడు? ఆగమన్నది నేను.

బయట బండ్లు రాని చిన్న వీధి ఉంది, నేలంతా రాళ్ళు పరిచి, మధ్యలో కాగితం మడిచినట్టుండే నీళ్ళ తొట్లు. బల్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. అదితి కాగితం పళ్ళెంలో చేత్తోనే తింది, "ఇది అక్కడ దొరకదు," అంటూ. చేప ఆకారంలో అట్లు పోసే కొట్టు ముందు పెద్ద లైనుంది. నేను తెస్తానని ఆయన లేచారు.

"లైను పెద్దదండీ."

"పదహారేళ్ళ అనుభవం," అని నవ్వుతూ వెళ్ళారు.

మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఒంటరిగా దొరికే సమయం మళ్ళీ ఉండదు.

"అదితీ, ఒక మాట చెప్పాలి. మధ్యలో ఆపకు, ఆపితే మళ్ళీ చెప్పలేను."

"ఏంటమ్మా, భయపెడుతున్నావు?"

"కాగితాలు ఆలస్యం చేసింది నాన్న కాదు. నేను."

చెప్పాను. అధిక మాసం, పదకొండు రోజులు, జేబులో పెన్ను, పూజారి గారన్నది, వంటింట్లో నేను నోరు మెదపకపోవడం, అన్నీ. తను నీళ్ళ తొట్టి వైపు చూస్తూ వింది. నేను ఆపాక కూడా అటే చూస్తోంది.

"యూ ఆర్ జోకింగ్."

"కాదు తల్లీ."

"క్యాలెండర్ వల్లనా? ఎ క్యాలెండర్?"

"క్యాలెండర్ ఏం చేసింది? నా వల్ల."

"కాగితాలు లేటైనందుకు కూడా కాదమ్మా నా కోపం." తన గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "అదొక మిస్టేక్. ఎవరైనా చేస్తారు. బట్ టూ ఇయర్స్! రెండేళ్ళు నేను నాన్నతో ఎలా మాట్లాడానో నువ్వు చూశావు. నాన్న బర్త్‌డేకి నేను కిందికి కూడా రాలేదు. కేకు కట్ చేసింది నువ్వే కదా? పక్కనే ఉన్నావు. రోజూ మాకు అన్నం పెడుతూ చూశావు."

"చూశాను."

"రోజూ గంటసేపు పూజ చేస్తావు. అప్పుడేమనుకునేదానివి?"

ఆ ప్రశ్న నేను వేసుకోనిది కాదు. "నీకు ఎలాగైనా కార్డు రావాలని అడిగేదాన్ని," అన్నాను. "అది వచ్చేస్తే ఇక ఇది చెప్పే అవసరముండదని."

తను కళ్ళు తుడుచుకుంది. నేను చెయ్యి పట్టుకోబోయాను. లాక్కోలేదు, కానీ ఆ చేతిలో పట్టు లేదు. కాసేపుంచి నేనే వదిలేశాను.

ఆయన రెండు చేతుల్లో కాగితం పొట్లాలతో వచ్చారు. "చేపంటారు కానీ చేపేం లేదు, అడిగే తెచ్చా. లోపల ఎర్ర చిక్కుడు ముద్ద, అచ్చం మన పూర్ణమే. కాకపోతే పిండిలో ఎగ్ ఉంటుందట, నళినీ, నీకు వద్దు. నీకు బియ్యప్పిండి ఉండ తెచ్చా..." అంటూ మా ముఖాలు చూసి ఆగిపోయారు.

"నాన్నా, నువ్వెందుకు నీ మీద వేసుకున్నావు?" అంది అదితి.

ఆయన నా వైపు చూశారు. "చెప్పేశావా?"

"ఎందుకు నాన్నా?"

ఆయన పొట్లాలు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకున్నారు. "మీ అమ్మ రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుంటుంది. ఆవిడకి ఈ దేశంలో ఉన్న చోటు అదొక్కటే. నువ్వు కోప్పడితే ఇక అక్కడ కూర్చోలేకపోతుంది. నాకైతే ఏముంది, తిట్లు తినడం ఆఫీసులో అలవాటే కదా." నవ్వబోయారు, రాలేదు.

ఆయన అలా అనుకున్నారని నాకు ఆ నిమిషం దాకా తెలియదు. ఆయన కాపాడిన ఆ చోట్లో రెండేళ్ళు కూర్చుని నేను ఏం చేశానో ఆయనకీ తెలియదు.

అదితి లేచి ఆయన భుజం మీది సంచి తీసి తన భుజాన వేసుకుంది. చేప అట్టు ఒకటి తీసి తోక విరిచి ఆయనకిచ్చింది. ఆయన నోట్లో పెట్టుకున్నారు.

"నాన్నా, ఆ గొడుగు ఇంకా ఉంటుందా అక్కడ?"

"ఉంటుంది, ఉంటుంది. ఎక్కడ పెట్టానో నాకు తెలుసు."

ఇద్దరూ నడిచారు. తను ఆయన చెయ్యి పట్టుకుని మాట్లాడుతూనే ఉంది, ఆయన తల ఊపుతున్నారు. నేను పులిహోర డబ్బా మూతపెట్టి, పళ్ళేలు చెత్తబుట్టలో వేసి వాళ్ళ వెనక నడిచాను. నాలుగడుగుల దూరం. అది ఎంత దూరమో అప్పుడు తెలిసింది. ముందువాళ్ళ మాటలు గొణుగుడుగా వినిపిస్తాయి, నవ్వితే ఎందుకో తెలియదు. ఆయన రెండేళ్ళు అక్కడ నడిచారు.

హోటల్లో ఉంచిన పెట్టెలు తీసుకెళ్ళి విమానాశ్రయంలో ఇచ్చేశాక తనిఖీ లైను దగ్గర ఆగాం. ప్రయాణమయ్యేటప్పుడు మేమిద్దరం పక్కపక్కన నిలబడతాం, తను ఇద్దరి కాళ్ళకీ ఒకేసారి దండం పెడుతుంది. బడికి మొదటిరోజు వెళ్ళినప్పటినుంచీ అంతే. నిలబడ్డాం.

అదితి నన్ను చూసి అంది, "టైమ్ చూశావా అమ్మా? మంచిదేనా?"

దెప్పడానికి అందో, నిజంగానే అడిగిందో తెలియలేదు. "చూడలేదు," అన్నాను. నిజంగానే చూడలేదు.

తను వంగి ఆయన పాదాలు తాకింది. చాలాసేపు లేవలేదు. ఆయన లేవనెత్తి తల మీద చెయ్యి పెట్టారు. తర్వాత నా ముందుకొచ్చింది. వంగబోయి ఆగింది.

"అమ్మా, నాకు ఇప్పుడు రావట్లేదు," అంది. "ట్రై చేస్తున్నా. రావట్లేదు. నెక్స్ట్ టైమ్, ఓకే?"

"సరే తల్లీ. వచ్చినప్పుడే," అన్నాను.

తను ఈ దేశం రావాలంటే ఇక టూరిస్టులా వీసా అడగాలి. మేం వెళ్ళాలంటే ముద్ర కావాలి. నెక్స్ట్ టైమ్ ఎప్పుడో ముగ్గురికీ తెలియదు. అయినా తను అబద్ధపు దండం పెట్టలేదు కదా అనుకున్నాను. వంగకుండా నా భుజం ఒకసారి తాకి వెళ్ళింది. లోపలికెళ్ళే మలుపులో వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆయన రెండు చేతులూ ఊపారు. ఆయన పక్కన నేనూ ఊపాను.

నేపర్‌విల్ వచ్చాక మూడో రోజున ఆయన ఫోనుకి ఫోటో వచ్చింది. కిటికీ బయట సన్నటి వీధి, వాన, ఎదురు కొట్టు ముందు వేలాడే పాత కోట్లు. గట్టు మీద ఎర్ర బొమ్మ, ఎడమ కన్ను నల్లగా వేసి ఉంది. పక్కన మడిచిన గొడుగు తడిగా. కింద తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాలతో, "పెన్ను దొరికింది నాన్నా" అని.

ఆయన నాకు చూపించారు. "నువ్వూ ఏదైనా రాయకూడదూ?" అన్నారు.

"ముందు తననే రాయనివ్వండి," అన్నాను.

ఏం కోరుకుని ఆ కన్ను వేసిందో అడగలేదు. ఆ రోజు ఏ తిథో చూద్దామని చెయ్యి అలవాటుగా గోడ మీది క్యాలెండర్ వైపు వెళ్ళింది. దించేసుకుని, దీపం వెలిగించి, దేవుడి ముందు కూర్చున్నాను. ముడుపు అక్కడే ఉంది. విప్పాలో ఉంచాలో తెలియలేదు. అడిగితే చెప్పేవాడు కాదని తెలిసినా అడిగాను.